దేని చుట్టూ తిప్పావు? త్రీడీ మోడల్‌లో ట్రాన్స్‌ఫర్మేషన్ తప్పుల ఆచూకీ

"సార్, నాలుగు రెక్కలు పెట్టాను. మూడే కనిపిస్తున్నాయి."

గాజువాకలో ఆదివారాలు నా దగ్గర సాలిడ్ మోడలింగ్ నేర్చుకునే పిల్లల్లో ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. అయిదు మీటర్ల వ్యాసం ఉన్న ఓడ ప్రొపెల్లర్ చేస్తోంది. ఒక రెక్క గీసి, దాన్ని షాఫ్ట్ చుట్టూ 90, 180, 270 డిగ్రీల దగ్గర కాపీ చేయాలి. జీమెష్ అనే మెషింగ్ సాఫ్ట్‌వేర్ స్క్రిప్టులో ఆ మూడు అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. స్క్రీన్ మీద మాత్రం మూడు రెక్కల ప్రొపెల్లర్ ఉంది. అందులో ఒక రెక్క మిగతావాటి కన్నా లావుగా ఉంది. మెష్ కొడితే, అంటే లెక్కల కోసం వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొడితే, ‘ఓవర్‌ల్యాపింగ్ ఫేసెట్స్’ (ముఖాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి) అని ఎర్రర్ వస్తోంది. లాప్‌టాప్‌లో మెమరీ చాలడం లేదేమోనని రెండు రోజులుగా టెన్షన్ పడుతోంది. సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి తీసేసి మళ్లీ ఎక్కించుకుంది కూడా.

మొదటి రెక్క నుంచి రెండో రెక్కకు కోణం ఎంతో కొలవమన్నాను. 116.6 డిగ్రీలు వచ్చింది. ఆ అంకె వినగానే జబ్బు తెలిసిపోయింది. జీమెష్ కోణాన్ని రేడియన్లలో తీసుకుంటుంది (ఒక రేడియన్ దాదాపు 57.3 డిగ్రీలు). 90 అని రాస్తే 90 రేడియన్లు తిప్పుతుంది. అంటే రెక్క 14 పూర్తి చుట్లు తిరిగి, ఆపైన 116.6 డిగ్రీల దగ్గర ఆగుతుంది. 180 రాస్తే 233.2 దగ్గర, 270 రాస్తే 349.9 దగ్గర ఆగుతుంది. ఆ చివరిది మొదటి రెక్కకు పది డిగ్రీలే ఇవతల. నాలుగో రెక్క వచ్చి మొదటిదాని మీద ఎక్కి కూర్చుంది. అందుకే మూడే కనిపించాయి, అందుకే ఒకటి లావుగా ఉంది, అందుకే రెండు రెక్కల ముఖాలూ ఒకదాన్నొకటి కోసుకుని మెష్ ఆగిపోయింది. మూడు లక్షణాలు, ఒకటే కారణం.

ఇలాంటివి చాలా ఏళ్లుగా చూస్తున్నాను. జరపడం, తిప్పడం, సాగదీయడం, అద్దంలో చూపడం: ఈ నాలుగింటిలో వచ్చే తప్పులు ఊరికే రావు. ప్రతి తప్పూ ఒక వేలిముద్ర వదిలి వెళ్తుంది. ఆ వేలిముద్ర బొమ్మలో దొరకదు, అంకెల్లో దొరుకుతుంది. బొమ్మను ఎంతసేపు అటూ ఇటూ తిప్పి చూసినా లాభం లేదు, కొలవాలి. ఆ అమ్మాయి వాళ్ల నాన్న ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తారు. చక్‌లో జాబ్ బిగించాక ఆయన కంటితో చూసి సరిపెట్టుకోరు, డయల్ పెట్టి చూస్తారు. మనం చేయాల్సింది కూడా అదే పని.

ముందు కోణం సంగతి పూర్తి చేస్తాను. జీమెష్, దాని లోపల సాలిడ్లను నిర్మించే ఓపెన్ కాస్కేడ్ కెర్నల్, బ్లెండర్‌లోని పైథాన్ రేడియన్లు అడుగుతాయి. ఫ్రీక్యాడ్, ఓపెన్ఎస్‌క్యాడ్, బ్లెండర్ తెర మీది గడులు డిగ్రీలు అడుగుతాయి. రేడియన్ల చోట 45 ఇస్తే 58.3 డిగ్రీలు వస్తుంది, 120 ఇస్తే 35.5 వస్తుంది. ఎదురు తప్పు కూడా ఉంది. డిగ్రీలు అడిగే చోట 90 డిగ్రీల రేడియన్ విలువ 1.5708 ఇస్తే ఆ వస్తువు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే తిరుగుతుంది. "కమాండ్ పనిచేయడం లేదు, అసలు తిరగలేదు" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఇదే.

తిప్పడానికి ఒక కేంద్రం ఉండాలి

"ఆ బీరువా కాస్త ఇటు తిప్పు" అని ఇంట్లో అంటే, దేని చుట్టూ అని ఎవరూ అడగరు. గోడ, కిటికీ, తలుపు చూసుకుని తిప్పేస్తారు. సాఫ్ట్‌వేర్‌కు ఆ గోడా కిటికీ తెలియవు. మనం బిందువు చెబితే దాని చుట్టూ తిప్పుతుంది. చెప్పకపోతే చాలాచోట్ల సున్నా, సున్నా, సున్నా అనే మూలబిందువు చుట్టూ తిప్పుతుంది. లేత్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఇది ‘సెంటర్ అవుట్’.

ఉదాహరణకు ఒక బోల్టు బాస్ (బోల్టు పట్టే గుండ్రటి ఉబ్బు) ఎక్స్ దిశలో 100 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. దాన్ని ఉన్నచోటే 90 డిగ్రీలు తిప్పాలనుకున్నాం, బిందువు ఇవ్వడం మరిచిపోయాం. ఇప్పుడది వై దిశలో 100 దగ్గరకు వెళ్లి కూర్చుంటుంది. కదలకూడని కేంద్రం 141.4 మిల్లీమీటర్లు కదిలింది. ఈ 141.4 మనకు దారి చూపిస్తుంది. తిప్పిన కోణంలో సగం తీసుకోండి, దాని సైన్‌ను రెట్టింపు చేయండి, ఆ వచ్చిన దాంతో కదిలిన దూరాన్ని భాగించండి. 141.4ను 1.414తో భాగిస్తే 100. తప్పు కేంద్రం మన వస్తువుకు 100 మిల్లీమీటర్ల దూరంలో ఉందని తేలింది. మోడల్‌లో సరిగ్గా 100 దూరంలో ఏముంది? మూలబిందువు. దొరికిపోయింది.

కేంద్రం ఎక్కడో కచ్చితంగా తెలియాలంటే స్కూల్లో చదివిన జ్యామితి చాలు. తిప్పకముందు ఒక మూల ఎక్కడుందో, తిప్పాక ఎక్కడుందో రాసుకుని, ఆ రెండింటినీ కలిపే గీతకు లంబ సమద్విఖండన రేఖ గీయండి. ఇంకో మూలకూ అలాగే గీయండి. ఆ రెండు రేఖలు కలిసే చోటే సాఫ్ట్‌వేర్ నిజంగా తిప్పిన కేంద్రం. మనం అనుకున్న చోటు, ఈ చోటు ఒకటేనా కాదా అన్నది అప్పుడు వాదనకు తావు లేకుండా తెలుస్తుంది.

దిద్దుబాటు అందరికీ తెలిసిందే. వస్తువును మూలబిందువుకు తెచ్చి, తిప్పి, మళ్లీ వెనక్కి పంపాలి. దిశ విషయంలో మాత్రం కుడిచేతిని నమ్మండి. అక్షం వెంట బొటనవేలు పెడితే మిగతా వేళ్లు ముడుచుకునే వైపే ప్లస్ కోణం. అక్షాన్ని మైనస్ జెడ్‌గా ఇచ్చి, కోణాన్ని కూడా మైనస్‌గా ఇస్తే రెండూ కొట్టుకుపోయి వస్తువు మామూలుగానే తిరుగుతుంది. ఎటు తిరుగుతోందో తెలియక ఒకటి మార్చి, అదీ చాలదనిపించి రెండోది కూడా మార్చేసేవాళ్లను చాలామందిని చూశాను.

వరస మారితే ఊరు మారుతుంది

ఎక్స్ మీద 10 దగ్గర ఒక బిందువు ఉంది. దాన్ని ముందు జెడ్ అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పి, తరవాత ఎక్స్ వైపు 5 జరిపితే (5, 10, 0)కు చేరుతుంది. ముందు 5 జరిపి, తరవాత తిప్పితే (0, 15, 0)కు చేరుతుంది. అవే రెండు పనులు, అవే అంకెలు, కానీ చేరిన చోట్లు వేరు.

ఇది దాదాపు అందరికీ తెలుసు. తెలిసినా తప్పు జరగడానికి కారణం, ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో వరసను చదివే పద్ధతి ఒక్కోలా ఉండటం. జీమెష్ స్క్రిప్టు పై నుంచి కిందికి నడుస్తుంది, పై లైను ముందు జరుగుతుంది. ఓపెన్ఎస్‌క్యాడ్‌లో వస్తువుకు దగ్గరగా ఉన్న కమాండ్ ముందు జరుగుతుంది. ‘ట్రాన్స్‌లేట్, రొటేట్, క్యూబ్’ అని రాస్తే ముందు తిరుగుతుంది, ఆ తరవాత జరుగుతుంది. ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లోకి లైను లైనుగా మార్చుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. (10, 0, 0) దగ్గరి బిందువుతో ఒక్కసారి పరీక్షించుకుంటే ఆ సాఫ్ట్‌వేర్ పద్ధతి జీవితాంతం గుర్తుంటుంది.

ఈ పనులన్నిటినీ లోపల ఒక 4×4 మాట్రిక్స్‌గా పెట్టుకుంటారు. తొమ్మిది గడులు తిప్పడానికి, సాగదీయడానికి. మూడు గడులు జరపడానికి. ఈ జరిపే మూడు అంకెలు కొన్ని పద్ధతుల్లో చివరి నిలువు వరసలో ఉంటాయి, కొన్నిట్లో చివరి అడ్డు వరసలో ఉంటాయి. జీమెష్‌కు మాట్రిక్స్ ఇచ్చేటప్పుడు అడ్డు వరసల క్రమంలో ఇవ్వాలి, జరిపే అంకె ప్రతి అడ్డు వరస చివర రావాలి. నిలువు వరసల క్రమంలో ఉన్నదాన్ని ఇచ్చామనుకోండి, మాట్రిక్స్ పక్కకు పడుకున్నట్టు అవుతుంది. అప్పుడు రెండు సంగతులు ఒకేసారి కనిపిస్తాయి: వస్తువు జరగాల్సినంత జరగదు, తిరగాల్సిన వైపుకు ఎదురు వైపు తిరుగుతుంది. తిప్పే మాట్రిక్స్‌ను తిరగేసి రాస్తే వచ్చేది దాని విలోమమే కాబట్టి ఎదురు వైపు తిరుగుతుంది. జరిపే అంకెలు ఎవరూ చదవని అడుగు వరసలోకి పోతాయి కాబట్టి జరగదు. ‘జరగలేదు, పైగా వెనక్కి తిరిగింది’ అనే జంట లక్షణం కనిపిస్తే ఇంకేమీ వెతకక్కర్లేదు.

క్వాటర్నియన్లలో వేలిముద్ర ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1843లో హామిల్టన్ కనిపెట్టిన ఈ నాలుగు అంకెల పద్ధతిని ఇవాళ దాదాపు ప్రతి త్రీడీ సాఫ్ట్‌వేర్ తిప్పడాన్ని చెప్పడానికి వాడుతోంది. బ్లెండర్‌లో స్కేలార్ అంకె మొదట వస్తుంది, ఫ్రీక్యాడ్‌లో చివర వస్తుంది. బ్లెండర్‌లో ‘ఏమీ తిప్పవద్దు’ అంటే (1, 0, 0, 0). ఆ నాలుగూ అదే వరసలో ఫ్రీక్యాడ్‌కు ఇస్తే, దానికి ‘ఎక్స్ అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పు’ అని అర్థమవుతుంది. ఎక్స్ దిశలో పొడుగ్గా పెట్టుకున్న ఓడ మోడల్ అడుగు పైకి వచ్చి తలకిందులుగా తేలుతుంది. ఏమీ చేయవద్దని చెప్పిన వస్తువు బోర్లా పడిందంటే క్వాటర్నియన్ వరస చూడండి.

అద్దంలో శంఖం

ఓడ నక్షా చూసినవాళ్లకు తెలుసు, అందులో సగం వెడల్పే గీస్తారు. రెండో సగం దాని ప్రతిబింబం. విశాఖలో కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి దించారు. కంప్యూటర్ లేని ఆ రోజుల్లోనూ పద్ధతి ఇదే. అందుకే మిర్రర్ కమాండ్ ఓడ పనిలో చాలా సహజంగా అనిపిస్తుంది. అది తిప్పడం లాంటిదేనని అనుకుంటాం. కాదు.

బీచ్ రోడ్డులో శంఖాలు అమ్మే బండి దగ్గర ఆగి చూడండి. మామూలు శంఖాల చుట్లన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. ఎదురు చుట్టు ఉన్నది చాలా అరుదుగా దొరుకుతుంది, దాన్నే దక్షిణావర్త శంఖమని పూజలో పెట్టుకుంటారు. మామూలు శంఖాన్ని చేతిలో ఎటు తిప్పినా, తలకిందులు చేసినా అది ఎదురు చుట్టు శంఖం కాదు. అద్దంలో మాత్రం అవుతుంది. ప్రొపెల్లర్ కూడా శంఖం లాంటిదే. రెండు షాఫ్టుల ఓడల్లో సాధారణంగా ఒకటి కుడిచేతి ప్రొపెల్లర్, రెండోది ఎడమచేతిది ఉంటాయి. మిర్రర్ కొట్టాల్సిన చోట 180 డిగ్రీలు తిప్పితే రెండూ కుడిచేతివే వస్తాయి. స్క్రీన్ మీద చూసి ఆ తేడా పట్టుకోవడం అనుభవమున్నవాళ్లకు కూడా కష్టం.

దీనికి ఒక్క అంకె చాలు: మాట్రిక్స్‌లో తిప్పే తొమ్మిది గడుల డిటర్మినెంట్. అది +1 అయితే కేవలం తిరిగింది. -1 అయితే అద్దం. 8 అయితే రెండింతలు సాగింది. సున్నా అయితే వస్తువు చప్పిడి కాగితంలా అణిగిపోయింది. రెండు అక్షాల్లో స్కేల్ -1 ఇస్తే మైనస్, మైనస్ కలిసి ప్లస్ అవుతుంది, అది అద్దం కాదు, 180 డిగ్రీలు తిప్పడం మాత్రమే. మూడు అక్షాల్లోనూ -1 ఇస్తే మళ్లీ అద్దం.

సాలిడ్ దశలో మిర్రర్ కొడితే మోడలింగ్ కెర్నల్ ముఖాల దిశలను తనే సర్దుకుంటుంది. మెష్ అయిపోయాక నోడ్ల (మెష్ ముక్కల మూల బిందువుల) అంకెలకు నేరుగా మిర్రర్ కొట్టినప్పుడే చిక్కు. ఒక టెట్రాహెడ్రన్ (నాలుగు ముఖాల ముక్క) తీసుకోండి. నోడ్లు (0,0,0), (1,0,0), (0,1,0), (0,0,1). ఆ వరసలో లెక్కిస్తే ఘనపరిమాణం 1/6. ఎక్స్ గుర్తులు మార్చితే రెండో నోడ్ (-1,0,0) అవుతుంది. ఆకారం చెక్కుచెదరలేదు, కానీ అదే వరసలో లెక్కిస్తే ఘనపరిమాణం -1/6. మెష్ మీద లెక్క చేసే ప్రోగ్రాం, అంటే సాల్వర్, దీన్నే ‘నెగెటివ్ జాకోబియన్’ అంటుంది. ఆ మాట చూడగానే మెష్ నాణ్యత బాగాలేదనుకుని సైజు తగ్గించి మళ్లీ మళ్లీ మెష్ కొడతారు. నాణ్యతకు దీనికి సంబంధం లేదు. ఒకటో రెండో ఎలిమెంట్లు (మెష్ ముక్కలు) మైనస్ అయితే అది నాణ్యత సమస్య కావచ్చు. ఒక సగంలోని ఎలిమెంట్లన్నీ మైనస్ అయితే అది మిర్రర్ సమస్యే. ప్రతి ఎలిమెంట్‌లోనూ ఏవైనా రెండు మూల నోడ్ల చోట్లు మార్చితే సరిపోతుంది. పది నోడ్ల టెట్రాహెడ్రన్ అయితే అంచుల మధ్య నోడ్లను కూడా అందుకు తగ్గట్టు మార్చాలి, లేకపోతే అంచులు మెలికపడతాయి.

మిల్లీమీటరా, మీటరా

బీచ్‌లో ఉన్న కుర్సురా సబ్‌మెరైన్ పొడవు 91.3 మీటర్లు. మిల్లీమీటర్లలో 91,300. ఎవరైనా ఆ ఫైలును మీటర్లనుకుని తెరిస్తే సబ్‌మెరైన్ ఆర్కే బీచ్ దగ్గర మొదలై విజయనగరం దాటి శ్రీకాకుళం దరిదాపుల దాకా సాగుతుంది. స్క్రీన్ మీద మాత్రం ఏ తేడా కనిపించదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ దాన్ని కిటికీలో పట్టేట్టు చూపిస్తుంది.

1987 నాటి ఎస్‌టీఎల్ ఫైల్లో యూనిట్ అన్న మాటే లేదు, త్రిభుజాల అంకెలు మాత్రమే ఉంటాయి. సాలిడ్ మోడళ్లను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపే స్టెప్ ఫైల్లో యూనిట్ ఉంటుంది. అయితే ఓపెన్ కాస్కేడ్ దాన్ని చదివేటప్పుడు మామూలుగా మిల్లీమీటర్లకు మార్చుకుంటుంది. మీటర్లలో గీసిన స్టెప్ ఫైలు జీమెష్‌లోకి వెయ్యి రెట్లు పెద్ద అంకెలతో రావడానికి అదే కారణం. వద్దనుకుంటే ఏ యూనిట్ కావాలో జీమెష్ ఆప్షన్లలో ముందే చెప్పవచ్చు.

యూనిట్ తప్పును పట్టుకోవాలంటే ఘనపరిమాణాల నిష్పత్తి చూడండి. పొడవు ఎన్ని రెట్లు మారితే ఘనపరిమాణం దానికి ఘనం మారుతుంది. రావాల్సినదానికి 16,387 రెట్లు వచ్చిందంటే అంగుళానికి, మిల్లీమీటరుకు మధ్య గొడవ, ఎందుకంటే 25.4కు ఘనం అదే. వంద కోట్ల రెట్లు వచ్చిందంటే మీటరు, మిల్లీమీటరు. మెష్ తీరు కూడా చెబుతుంది. వంద మిల్లీమీటర్ల క్యూబ్‌కు మెష్ సైజు 5 ఇస్తే అంచుకు 20 ముక్కలు. క్యూబ్ వెయ్యి రెట్లు పెరిగి సైజు మాత్రం 5 దగ్గరే ఉండిపోతే అంచుకు 20,000 ముక్కలు. ఏ కంప్యూటరూ దాన్ని పూర్తి చేయలేదు. తగ్గితే రెప్పపాటులో నాలుగు ముక్కల మెష్ వస్తుంది. మెష్ ‘హ్యాంగ్ అయింది’ అన్నా, ‘వెంటనే అయిపోయింది’ అన్నా ముందు బౌండింగ్ బాక్స్ (వస్తువు సరిగ్గా పట్టే పెట్టె) పొడవు చదవండి.

ఒక అక్షంలో మాత్రమే సాగదీయడం గురించి ఒక్క మాట. స్తంభాన్ని ఒక పక్కకే సాగదీస్తే గుండ్రం పోయి అండాకారం వస్తుంది. కెర్నల్ దాన్ని ఇక సిలిండర్‌గా గుర్తుపెట్టుకోలేదు, బీ-స్ప్లైన్ ఉపరితలంగా మార్చేస్తుంది. ఆ తరవాత రేడియస్ అడిగినా రాదు, అంచులు గుండ్రం చేసే ఫిల్లెట్లు, వస్తువులను కలిపే, కోసే బూలియన్లు మొరాయిస్తాయి. కొలత మార్చాలంటే స్కేల్ కొట్టకుండా మొదటి స్కెచ్‌కే వెళ్లి అక్కడ మార్చండి.

జెట్టీ గోడ మీద మెట్లు

ఇది నాకు జరిగినది. ఒక జెట్టీ గోడ చుట్టూ నీటి ప్రవాహం లెక్కించే పని వచ్చింది. సర్వే వాళ్లు ఇచ్చిన డ్రాయింగులో నిటారైన, నున్నటి గోడ ఉంది. దాన్ని ఎస్‌టీఎల్‌గా మార్చి మెషింగ్‌కు తెచ్చేసరికి గోడ మీద మెట్లు మెట్లుగా వచ్చాయి. మెష్ సైజు తగ్గించాను. మెట్లు ఇంకా స్పష్టంగా కనిపించాయి. స్మూతింగ్ పెట్టాను, గోడ మూలలు గుండ్రంగా అయిపోయాయి కానీ మెట్లు పోలేదు. వారం రోజులు పోయింది. ఎక్స్‌పోర్ట్ చేసిన సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందని గట్టిగా నమ్మాను.

చివరికి ఒక రాత్రి ఫైల్లోని బిందువుల అంకెలనే వరసగా రాసుకుని చూశాను. నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం) అంకెల్లో దశాంశం తరవాత .000, .125, .250, .375, .500 ఇలాంటివే ఉన్నాయి. మధ్యలో ఇంకో అంకె ఒక్కటి కూడా లేదు. ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం) అంకెలు .0625 గుణిజాల్లోనే ఉన్నాయి. వారమంతా వెతికిన జవాబు అక్కడుంది.

సర్వే వాళ్లు వాడే యూటీఎం పద్ధతి భూమిని జోన్లుగా విడదీసి, ఉత్తరం వైపు దూరాన్ని భూమధ్యరేఖ నుంచి మీటర్లలో కొలుస్తుంది; విశాఖపట్నం అందులో 44 ఉత్తర జోన్‌లో ఉంది. సర్వే డ్రాయింగుల్లో పోర్టు ప్రాంతానికి ఈస్టింగ్ దాదాపు 7,43,000 మీటర్లు, నార్తింగ్ దాదాపు 19,57,000 మీటర్లు ఉంటుంది. బైనరీ ఎస్‌టీఎల్ ప్రతి అంకెనూ 32 బిట్లలో దాస్తుంది. అందులో అసలు అంకెకు దొరికేది 24 బైనరీ స్థానాలు, మన లెక్కలో ఏడు అంకెలు. పూర్ణాంకం భాగమే ఆరేడు అంకెలు తినేస్తే దశాంశాలకు మిగిలేది ఏమీ ఉండదు. కచ్చితంగా చెప్పాలంటే 10,48,576 నుంచి 20,97,152 మధ్య ఆ పద్ధతిలో రాయగలిగే పక్కపక్క అంకెల మధ్య దూరం 0.125. మీటర్లలో అది పన్నెండున్నర సెంటీమీటర్లు. ఈస్టింగ్ ఉన్న పరిధిలో ఆ దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. గోడ నున్నగానే ఉంది. దాన్ని రాసిన కాగితానికే పన్నెండున్నర సెంటీమీటర్ల గళ్లున్నాయి. నేను మెష్ సైజు తగ్గించేకొద్దీ మెష్ ఆ గళ్లను మరింత నమ్మకంగా పట్టుకుంది.

మందు చాలా చిన్నది. ఎస్‌టీఎల్‌గా మార్చకముందే ప్రతి బిందువు నుంచి 7,43,000, 19,57,000 తీసేయాలి. ఆ రెండు అంకెలు ఒక కాగితం మీద రాసుకుని, ఫలితాలు వచ్చాక మళ్లీ కలపాలి. మోడల్ అయిదు వందల మీటర్ల లోపు అంకెల్లోకి వచ్చేస్తే అదే 32 బిట్లలో గళ్ల దూరం మిల్లీమీటరులో వందో వంతులు మూడే. సర్వే అంకెలతో పనిచేసే సివిల్, పోర్టు, పైప్‌లైన్ మిత్రులందరికీ నా మనవి ఇది: మూలబిందువును మోడల్ దగ్గరకు తెచ్చుకోండి, భూమధ్యరేఖ దగ్గర వదిలేయకండి.

64 బిట్లు వాడితే ఈ బాధ ఉండదు కదా అంటే, గళ్ల బాధ ఉండదు, తిప్పే బాధ ఉంటుంది. జోన్ మూలబిందువు మన పోర్టుకు 2,000 కిలోమీటర్ల పైన దూరంలో ఉంది. దాని చుట్టూ మోడల్‌ను 180 డిగ్రీలు తిప్పుతూ పై (π) విలువ 3.14159 అని రాశామనుకోండి. కోణంలో తప్పు కంటికి ఆనదు. జెట్టీ దగ్గర మాత్రం అది అయిదున్నర మీటర్లు.

పై విలువ చేతితో రాయకండి

ప్రొపెల్లర్ దగ్గరకు మళ్లీ వస్తాను. రేడియన్ల సంగతి చెప్పాక ఆ అమ్మాయి 90, 180, 270 తీసేసి 1.57, 3.14, 4.71 రాసింది. నాలుగు రెక్కలూ వచ్చాయి. చూడటానికి ఎంతో బాగుంది. "ఇప్పుడు వచ్చేసింది సార్" అని సంతోషంగా చెప్పింది.

పక్కపక్క రెక్కల కొసల మధ్య దూరాలు కొలవమన్నాను. మూడు చోట్ల 3534.1 మిల్లీమీటర్లు వచ్చింది. నాలుగో రెక్కకు, మొదటి రెక్కకు మధ్య 3539.8 వచ్చింది. నాలుగు సందుల్లో ఒకటి అయిదున్నర మిల్లీమీటర్లు పైగా పెద్దది. మొదటి తప్పు కన్నా దీనికే నేను ఎక్కువ భయపడతాను, ఎందుకంటే మెష్ ఆగదు, ఎర్రర్ రాదు, సాల్వర్ కూడా నడుస్తుంది. బ్యాలెన్స్ లేని ప్రొపెల్లర్‌కు మాత్రం జవాబు వస్తుంది. హబ్‌ను (రెక్కలు అతుక్కునే నడి భాగాన్ని) నాలుగు ముక్కలుగా చేసి చుట్టూ అతికేవాళ్లకైతే చివరి ముక్కకు, మొదటి ముక్కకు మధ్య సన్నటి బీట మిగిలిపోతుంది. ఓపెన్ కాస్కేడ్ రెండు బిందువులను ఒకటిగా ఒప్పుకోవడానికి మామూలుగా పెట్టుకున్న హద్దు 0.0000001 మాత్రమే. దాని లెక్కలో మిల్లీమీటరు చాలా పెద్ద దూరం.

జీమెష్‌లో ‘పై’ అన్న పేరే రాయవచ్చు, పైథాన్‌లో మ్యాథ్ లైబ్రరీలో ఉంది. ఇంకో జాగ్రత్త: రెండో రెక్కను తిప్పి మూడోది, మూడోదాన్ని తిప్పి నాలుగోది చేయకండి. ప్రతిదాన్నీ మొదటి రెక్క నుంచే తిప్పండి. అప్పుడు ఒకదాని తప్పు ఇంకోదాని మీదికి వెళ్లదు. ఇంత చేసినా 90 డిగ్రీల కోసైన్ కంప్యూటర్‌లో సరిగ్గా సున్నా రాదు, దశాంశం తరవాత పదహారు సున్నాల తరవాత 6 అనే అంకె వస్తుంది. కాబట్టి ‘ఎక్స్ సున్నాకు సమానమా’ అని స్క్రిప్టులో అడగకూడదు, ‘ఎక్స్ ఈ హద్దు కన్నా చిన్నదా’ అని అడగాలి. బౌండింగ్ బాక్స్‌తో ముఖాలను ఎంచుకునేటప్పుడు కూడా బాక్స్‌ను కాస్త వదులుగా పెట్టండి.

తాకినట్టే ఉంటాయి, అతుక్కోవు

రెక్కను తిప్పి హబ్‌కు ఆనించాం. అంకెలన్నీ సరిపోయాయి. అయినా లెక్క చేశాక రెక్కలు హబ్ నుంచి ఊడిపోయినట్టు ఫలితం వస్తుంది. ఎందుకంటే రెండు వస్తువులు ఒకే చోట ఉన్నా వాటి ముఖాలు రెండు, నోడ్లు రెండు జతలు. బలం ఒక జత నుంచి రెండో జతకు వెళ్లే దారి లేదు. జీమెష్‌లో బూలియన్ ఫ్రాగ్మెంట్స్ కొడితే ఆ రెండు ముఖాలూ ఒకటవుతాయి. కొట్టకముందు, కొట్టాక నోడ్ల లెక్క చూడండి. కలిసినట్టయితే సంఖ్య తగ్గాలి.

ఫ్రాగ్మెంట్స్ తరవాత వస్తువుల నంబర్లు మారిపోవచ్చు. నిన్న ‘వాల్యూమ్ 3’ రెక్క అయితే ఇవాళ అది హబ్ కావచ్చు. నంబర్లు చూసుకోకుండా కింద ఇంకో రొటేట్ రాస్తే తిరిగేది హబ్. తిప్పే పనులన్నీ ముందు, బూలియన్లు తరవాత అన్న వరస పాటిస్తే చాలా నొప్పులు తప్పుతాయి. కాపీ తీసే డూప్లికాటా కమాండ్ మరిచిపోతే కాపీకి బదులు అసలు రెక్కే కదులుతుంది. పైథాన్‌లో సింక్రనైజ్ మరిచిపోతే మెషర్‌కు మన మార్పులు అందవు. ఈ రెండూ ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు చేసేవే.

కొత్త సాఫ్ట్‌వేర్ ఏది చేతికి వచ్చినా నేను మొదట చేసే వస్తువు ఒకటే. 10, 20, 30 కొలతల దిమ్మ. ఒక మూల మూలబిందువు దగ్గర. దానికి పూర్తి ఎదురు మూలలో 5 కొలత క్యూబ్ కోసేస్తాను. ఘనపరిమాణం 5,875. గరిమనాభి (4.947, 9.840, 14.734). మూడు కొలతలూ వేరు, ఒక మూల లోటు, కాబట్టి దీన్ని ఎటు తిప్పినా, అద్దంలో పెట్టినా ఇంకోలా పొరపడే వీలు లేదు. జెడ్ చుట్టూ 90 తిప్పితే గరిమనాభి (-9.840, 4.947, 14.734) రావాలి. రాకపోతే ఏ అంకె ఎలా తప్పిందో అదే చెబుతుంది. అసలు మోడల్ మీద గంటలు పోగొట్టుకోకుండా ఈ దిమ్మ మీద అయిదు నిమిషాలు పెట్టండి.

ఆ ఆదివారం మేం లేచేసరికి చీకటి పడింది. స్క్రిప్టులో 1.57 ఉన్న చోట పై బై టు వచ్చింది, మిగతా రెండూ అలాగే మారాయి. ఈసారి నేను చెప్పకముందే ఆ అమ్మాయి కొసల దూరాలు కొలవడం మొదలుపెట్టింది. రావాల్సింది 2,500 ఇంటూ రూట్ టు అని పుస్తకంలో ముందే లెక్క వేసుకుంది. ఒకటోది 3535.534. రెండోది 3535.534. మూడోది అంతే. నాలుగోదాన్ని రెండుసార్లు కొలిచింది. అదీ 3535.534. అప్పుడు మెష్ కొట్టింది.